మావయ్య కంటికి సూది

మొన్న ఆదివారం పొద్దున్నే రామచంద్రపురం నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య నిద్దట్లోనే వెళ్ళిపోయార్రా. టిఫిను తిని బయల్దేరు, దారిలో ఏమీ దొరకదు" అంది. ఏడుస్తూనే అంది. ఎంత దుఃఖంలోనైనా ఎదుటివాడి ఆకలి అడగడం ఆ ఇంటి పద్ధతి.

మావయ్యకి ఏళ్ళ తరబడి షుగరు. ఆయన దృష్టిలో టీలో వేసుకునేదే పంచదార, కాజా పిండివంట. "పిండివంటకీ షుగరుకీ ఏంటండీ సంబంధం?" అని డాక్టర్లనే దబాయించేవారు.

సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, వరద గోదారికి ఎదురీది వస్తే పులస. చేప ఒకటే అయినా రుచిలో పోలికే లేదు. బుట్టలో చేపను చూసి అదేదో చెప్పేయడంలో మావయ్యది అందెవేసిన చెయ్యి. ఎవరింటికి వియ్యాలవారు వస్తున్నా పులస కొనడానికి ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళేవారు. అలాంటి మనిషి తన కొత్త వియ్యంకుడి కోసం ఇలసను తెచ్చి పులస అన్నారు. వియ్యంకుడు ఒక ముక్క తిని, "ఇలస కూడా బాగానే ఉందండి" అన్నాడు మర్యాదగా.

ఆ పూట మావయ్య అన్నం ముట్టలేదు. అత్తయ్య నిలదీస్తే అప్పుడు బయటపెట్టారు. "కొన్నాళ్ళుగా చూపు మధ్యలో మబ్బుగా ఉంటోందే. నీ చీర అంచు కనపడుతోంది, మొహం కనపడట్లేదు." అత్తయ్య అంతవరకూ ఆయన అలిగి తన మొహం చూడట్లేదనుకుంటోంది.

నేనే రాజమండ్రి తీసుకెళ్ళాను. షుగరు వల్ల కంటి వెనకపొరలో నీరు చేరి వాచిందనీ, కంట్లోకే ఇంజెక్షన్ ఇవ్వాలనీ, ఆలస్యం చేస్తే ఉన్న చూపూ పోతుందనీ చెప్పాడు కంటి డాక్టరు. మావయ్య చొక్కా చెయ్యి పైకి మడిచారు. "ఇక్కడ చేసెయ్యండి డాక్టరుగారండి. రక్తం ఎలాగూ కంటిదాకా వెళ్తుంది కదండీ."

డాక్టరు నవ్వి, చుక్కల మందుతో కన్ను మొద్దుబారుస్తామన్నాడు. లోపలికి పిలిచేదాకా మావయ్య నా చెయ్యి వదల్లేదు. ఆయన భయపడటం నేను చూసింది అప్పుడే. బయటికొచ్చాక మాత్రం, కంటికి కట్టుతోనే, వంతు కోసం కూర్చున్నవాళ్ళందరికీ "చీమ కుట్టినట్టయినా లేదండి" అని ధైర్యం చెప్పారు.

తర్వాత నెలనెలా వెళ్ళి వేయించుకున్నారు. కాజాలు కూడా మానేశారు, గొణుక్కుంటూనే. వాపు తగ్గింది. పోయిన చూపంతా తిరిగి రాలేదు. పులసకి మళ్ళీ ఎవరూ పిలవలేదని చివరిదాకా బాధపడ్డారు. ఆ గొణుగుడు వినపడని ఇంట్లోకి అడుగుపెట్టాలంటే నాకిప్పుడు మనసు రావట్లేదు.

ఆ ఇంజెక్షన్ల రోజుల్లోనే ఒకసారి నేను వెళ్ళేసరికి అత్తయ్య అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మావయ్య ఎదురుగా కుర్చీ వేసుకుని ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"ఏంటండీ ఆ చూడ్డం, మేనల్లుడు వచ్చాడు" అంది అత్తయ్య విసుగ్గా.

"కనపడుతున్నావు కదా అని" అన్నారు మావయ్య.

అత్తయ్య మొహం తిప్పుకోలేదు. చిక్కుడుకాయలు చేతిలో పట్టుకుని, ఆయన చూసినంతసేపూ అలాగే కూర్చుంది.