ఓనరమ్మ జాగ్రత్త

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని నా గాజు సామాన్ల దుకాణంలో ఒకావిడ మనవరాలితో "జాగ్రత్తమ్మా" అనగానే నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. చిన్నప్పుడు కొత్తపేటలో మేమున్న ఇంటి ఓనరమ్మ గొంతు అది!

కిరాయి ఇళ్లలో పెరిగిన నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆదివారం సినిమా కోసం ఓనర్ల హాల్లోకి వెళ్లడం. అగరొత్తుల వాసన, టీవీ మీద అల్లిక గుడ్డ, షోకేసులో గాజు బాతులు. మేం గడప దాటకముందే ఆమె తన పిల్లలతో అనేది, "అద్దెవాళ్ల పిల్లలొచ్చారు, వస్తువులు జాగ్రత్త." మాతోనేమో, "చేతులు వెనక్కి కట్టుకుని చూడండి." సినిమా అయ్యేదాకా అలాగే నిలబడేవాళ్లం. తర్వాత పైనున్న మా గదికి ఇరుకు మెట్లెక్కుతుంటే అమ్మ అరిచేది, "పైలం బిడ్డా, పడ్తవ్!"

అమ్మ పైలమన్నది మా కోసం. ఓనరమ్మ జాగ్రత్తన్నది మమ్మల్ని చూసి.

నిన్న దుకాణంలో ఆ ఓనరమ్మ ఒక గాజు గిన్నె ఎత్తబోయింది.

"ముట్టుకోకండి ఆంటీ. చేతులు వెనక్కి కట్టుకుని చూడండి," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "పైన ఉండే కరుణవి కదూ? ఇంకా మర్చిపోలేదా?"

"మీరు నేర్పిందే కదా ఆంటీ."

మెల్లగా చేతులు వెనక్కి కట్టుకుంది. నాకేం జాలి వేయలేదు, హాయిగా అనిపించింది. అంతలో ఆమెను చూసి మనవరాలూ చేతులు కట్టుకుంది. గబగబా వెళ్లి ఆ పిల్ల చేతులు విడిపించాను.

"నీకు కాదు బిడ్డా. నువ్వు ముట్టుకో, జర పైలం."