టోపీల కొట్టు

అమెరికాలో మోంటానా గనుల మధ్య కోల్డ్‌ఫోర్క్ ఊరి ఎర్రదీపాల వీధి. అక్కడ తలుపు కాసే హల్డా ముసలిది దేవదూత దిగొచ్చినా జబ్బు మచ్చలున్నాయేమోనని అరచేతులు చూపించమంటుంది, ఒట్టు! తడిమి, మెడ వాసన చూసి, అప్పుడుగాని పక్కకి జరగదు. లోపలి ఆడవాళ్లంతా టోపీల కొట్టులో పనని ఇళ్లకి రాస్తారు. ఆ అబద్ధం నిలబెట్టడానికే వీధి మొగలో నాలుగు టోపీలు పెట్టి కొట్టొకటి తెరిచారు. మొగుడి దెబ్బలకి పారిపోయొచ్చిన ఎడ్నా కూడా తమ్ముడికి అలాగే రాసింది. మొన్న ఒకడు నవ్వుతూ వచ్చి తలుపు తట్టాడు.

"ఎడ్నా తమ్ముణ్ణి అవ్వా, కాస్త పిలుద్దూ."

హల్డా వాడి చేతులైనా చూడలేదు. "ఆ పేరుగలవాళ్లు లేరు నాయనా."

"సొంత తమ్ముణ్ణే, ముసలీ!"

గడియ పెట్టి, లోపలున్న ఎడ్నాతో అంది: "తమ్ముడైతే టోపీల కొట్టుకి పోయేవాడే పిచ్చిదానా. నేరుగా ఈ తలుపు తట్టేది మొగుడే."