ఎనిమిది నంబరు కారు

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సులో నా పక్క సీటు మనిషి పాత అంబాసిడర్ కారు హెడ్‌లైటును ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకని అడిగాను.

"మా నాయిన ట్యాక్సీకి సార్. సూర్యాపేట బస్టాండు ముందట నిలబెడుతుండె. ఒకనాడు బ్రేకులు పడక కాలువ గట్టుకు గుద్దింది. నంబరుల అంకెలు కూడితే ఎనిమిదొస్తదని, అది శని నంబరని ఇగ ఎవ్వరు ఎక్కలే. షెడ్డుల పడ్డది. నేను మళ్ల తయారు చేస్తున్న."

దానికి డబ్బెక్కడిదన్నాను. రైస్ మిల్లులో మెకానిక్ జీతం ఇంటికే సరిపోతుందట. అందుకని, ఎనిమిది వచ్చే స్కూటర్లను జనం భయపడి చవగ్గా వదిలించుకుంటుంటే అతను కొని, బాగుచేసి అమ్ముతాడు. నంబరు సంగతి కొనేవాడికి ముందే చెబుతాడు.

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగాడు. "శని బండ్ల పైసలతోని శని కారా! నడుస్తదా అది?"

"డీజిల్ పోస్తే నడుస్తది తాతా."

బస్సంతా నవ్వింది. పెద్దాయన వదల్లేదు. "నంబరన్న మార్పియ్యి బిడ్డా."

అతను మాత్రం నవ్వలేదు. "మారిస్తే తప్పు నంబరుదే అని నేను ఒప్పుకున్నట్టు. కొత్త బ్రేకులు ఏసిన. గదే నంబరుతోని మళ్ల ఆ బస్టాండు ముందటనే నిలబెడ్త."

తర్వాత నావైపు తిరిగాడు. "మీ బండి నంబరు కూడితే ఎంత సార్?"

మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఏళ్ల తరబడి వేదికలెక్కి వాదిస్తున్నవాణ్ని. తొమ్మిది అని చెప్పాను. అది కలిసొచ్చే నంబరని ఇంట్లోవాళ్లు పట్టుబడితే అదనంగా డబ్బు కట్టి మరీ తీసుకున్నానని కూడా చెప్పాను.

ఇప్పుడు ఏ సభలోనైనా ముందు ఆ తొమ్మిది సంగతే చెప్పి, తర్వాతే ఎదుటివాళ్లను నిలదీస్తున్నాను. గొంతు మాత్రం తగ్గించలేదు.