పదిహేనో పేరు

"పద్నాలుగు మంది ఉన్నారు కదా తల్లీ! పద్నాలుగు మంది నిండు మనుషులు. ఒక్కడు తక్కువైతే క్లాసే మూసేస్తారా?"

"నేనెక్కడ మూస్తున్నాను అపాయ్? రూలు మూస్తోంది. పదిహేను పేర్లు పడితేనే ఆ సబ్జెక్టు తెరుచుకుంటుంది. ఇవాళ శుక్రవారం, సాయంత్రం ఆరింటికి కంప్యూటరు తనంతట తనే గేటు వేసేస్తుంది."

"గేటు పడకుండా నీ వేలు అడ్డం పెట్టు."

"నా వేలు తెగిపోతుంది."

"తెగితే కుట్టిపెడతాను. కోటుకి కుట్టినదాన్ని వేలికి కుట్టలేనా?"

ఈ గొడవ జరుగుతున్నది కరగండా అనే బొగ్గుగనుల ఊళ్ళో, ఒక యూనివర్సిటీ పాత భవనంలో, వచ్చినవాళ్ళు చలికోట్లు విప్పి అప్పగించే కౌంటరు దగ్గర. కౌంటరుకి అవతల ఉన్నది ఉల్బోసిన్, అందరూ 'అపాయ్', అంటే పెద్దక్కా, అని పిలిచే కోట్ల గది మనిషి. ఇవతల ఉన్నది తోగ్జాన్, పై అంతస్తులో విద్యార్థుల క్రెడిట్లు చూసే రిజిస్ట్రారు ఆఫీసు అమ్మాయి. ఆమె వెనకాల చేతిలో ఓ కాగితంతో, ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడ్డవాడు యెల్దోస్. ఇరవై ఒక్క ఏళ్ళు, మూడో ఏడు సగంలో ఉన్నాడు. వాడికి కావలసింది ఒక్క సంతకం.

చదువులో చేరడానికి ఒక్క సంతకం సరిపోయింది. వదిలిపోవడానికి ఎనిమిది కావాలిట. పుస్తకాలు ఇచ్చేశాడని లైబ్రరీ, దుప్పటి ఇచ్చేశాడని హాస్టలు, స్కీలు ఇచ్చేశాడని వ్యాయామశాల, ఇలా ఒక్కో గడిలో ఒక్కొక్కళ్ళు సంతకం పెట్టాలి. మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగితే ఏడు గళ్ళు నిండాయి. ఎనిమిదోది కోట్ల గది.

"ఆరింటి దాకానే అపాయ్," అని తోగ్జాన్ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఉల్బోసిన్ కళ్ళు యెల్దోస్ మీదకి తిరిగాయి.

"కోటివ్వు."

"కోటుకి రాలేదపాయ్, సంతకానికొచ్చా."

ఆవిడ కాగితాన్ని చేత్తో తాకకుండానే చదివింది. "రెండొందల పన్నెండు," అంది.

"ఏంటది?"

"నీ కోటుకిచ్చిన బిళ్ళ నంబరు. మొదటేడు నవంబరులో పోగొట్టావు. బిళ్ళ తెచ్చివ్వు, సంతకం పట్టుకుపో."

"రెండేళ్ళయింది! అదిప్పుడు ఏ మంచులో ఉందో!"

"నాకేం తెలుసు? నీ జేబు నేను కుట్టలేదే."

ఉల్బోసిన్ వాళ్ళ నాన్నకి ఆరో కూతురు. ఈసారైనా మగపిల్లాడు పుట్టాలని ఆ పేరు పెట్టాడు. ఆ పేరుకి అర్థం అదే. ఏడోసారీ ఆడపిల్లే పుట్టింది. ఆ తర్వాత ఆయన పేర్లతో పేచీ మానుకున్నాడు. ఈవిడ పంతొమ్మిదో ఏట బొగ్గుగనిలో, కిందికి దిగేవాళ్ళకి తలదీపాలిచ్చే దీపాల గదిలో చేరి పదహారేళ్ళు చేసింది. గని మూతపడ్డాక కోట్ల గదికొచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. రెండు చోట్లా పని ఒకటే. మనిషి బిళ్ళ ఇస్తాడు, వస్తువు తీసుకుంటాడు, లేకపోతే వస్తువిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. ఎవడు లోపలున్నాడో ఎవడు వెళ్ళిపోయాడో కొక్కేలు చూసి చెప్పేయాలి. అంతే.

కోట్ల గదిలో ఆవిడ శాసనం ఒకటుంది. మెడ వెనక తగిలించే తాడు లేని కోటు తీసుకోదు. డీన్ కోటైనా సరే, తాడు తెగిందంటే చేతుల్లోకి తిరిగొచ్చేస్తుంది. ఆయన ఒకసారి మీటింగంతా తోలు కోటు ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకొచ్చినవాడిలా కూర్చున్నాడు. మనసైతే సొరుగులోంచి సూదీ దారం తీసి ఆవిడే కుట్టిపెడుతుంది. ఈ జనవరిలో మాత్రం కుట్టుకి బదులు అడగడం మొదలెట్టింది. కోటుకి తాడు, ఆ సబ్జెక్టు లిస్టులో పేరు. వారం రోజుల్లో పద్నాలుగు తాళ్ళు కుట్టింది, పద్నాలుగు పేర్లు పడ్డాయి. అందులో ఒకడు బాక్సరు. వాడి భుజాలకి తగ్గ కోటు బరువుకి దారం ఆగదని చేపల గాలం తీగతో కుట్టింది.

క్రెడిట్ల సంగతి ఆవిడకి తెలిసినంత సబ్జెక్టులు ఎంచిపెట్టే అడ్వైజర్లకి తెలియదు. కుర్రాళ్ళు ఏ సబ్జెక్టు పట్టాలో ఏది వదలాలో కోట్లు విప్పుతూ కౌంటరు దగ్గరే తేల్చుకుంటారు మరి. అడ్వైజర్ల దగ్గర ఎనభై పేజీల పుస్తకం ఉంది. ఉల్బోసిన్ దగ్గర నాలుగు ముక్కలున్నాయి.

"సెమిస్టరుకి ముప్ఫై క్రెడిట్లు, నాలుగేళ్ళకి రెండొందల నలభై. ఐదు క్రెడిట్ల సబ్జెక్టంటే నూట యాభై గంటలు. క్లాసులో కూర్చునేది నలభై ఐదు. మిగతా నూట ఐదూ నువ్వు సొంతంగా చదువుతావని పైవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం చెడకుండా చూసుకోవడమే చదువంటే."

నీళ్ళంటే భయపడే పిల్లని వ్యాయామం క్రెడిట్లకి ఈత కాకుండా బల్లబంతి తీసుకోమని కాపాడింది ఆవిడే. "సెమిస్టరు మధ్యలో సగం మార్కులన్నా తెచ్చుకో. లేదంటే పరీక్ష గడప తొక్కనివ్వరు, ఎండాకాలం మళ్ళీ కూర్చోబెడతారు. ఎండాకాలం కోట్లుండవు, నేనుండను, నిన్ను కాపాడే దిక్కుండదు" అని మొదటేడు పిల్లల్ని హడలెత్తించేదీ ఆవిడే.

ఇప్పుడు యెల్దోస్ వంతు వచ్చింది.

"నీకెన్ని క్రెడిట్లొచ్చాయి?"

"నూట ఇరవై."

"ఈపాటికి నూట యాభై ఉండాలి. అంటే ఒక సెమిస్టరు సెమిస్టరే ఎవడో ఎత్తుకుపోయాడన్నమాట."

"ఎవడూ ఎత్తుకుపోలేదు. నేనే పడుకున్నా."

"నిజం చెప్పావు. లోపలికొచ్చి కూర్చో."

కౌంటరు చెక్క ఎత్తి లోపలికి రానిచ్చి, స్టూలు జరిపి, ఎండబెట్టిన పెరుగుండ ఒకటి చేతిలో పెట్టింది. అది రాయి. దాన్ని బుగ్గన పెట్టుకుంటే పావుగంట మాట్లాడలేరు. ఆ సంగతి తెలిసే పెట్టింది.

"చూడూ, పోతానంటే నేనాపను. చదువు పడనివాడికి ఎనిమిది సంతకాలు కాదు, ఎనభై అడ్డం పెట్టినా పోతాడు. కానీ ఇవాళ కాదు, సోమవారం పో. ఇవాళ ఆరింటి లోపల నీ పేరు ఆ సబ్జెక్టులో పడేయ్. తలలు లెక్కపెట్టేది ఇవాళే. ఒకసారి తెరిచిన క్లాసు మధ్యలో ఒకడు మాయమైతే మూయరు."

యెల్దోస్ పెరుగుండని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి తోసి అడిగాడు. "తర్వాత నేను రాకపోతే నా పేరు పక్కన సున్నా పడదా?"

"మునిగినోడికి చలేంటి నాయనా?"

"ఏం సబ్జెక్టది?"

"మన గనుల చరిత్ర. ఆ ముసలి మేష్టారు, కైర్గెల్దీ అగాయ్ చెప్తాడు."

"ఆయన క్లాసులో నిద్రొస్తుందంటారు."

"నీకెవరి క్లాసులో రాలేదు?"

కేటలాగులో నూట పన్నెండు సబ్జెక్టులున్నాయి. ప్రతి సెమిస్టరూ వాడు స్నేహితులు దేని మీద నొక్కితే దాని మీదే నొక్కాడు. చివరికి తెలిసిందేంటంటే, తను కోరి తీసుకున్నది ఒక్కటీ లేదు. పక్కూరు తెమిర్తావులో బావకి టైర్ల షాపుంది, మానేసి అందులో చేరిపోదామని వాడి ఆలోచన. అక్కడ టైరు ఊడిందో బిగిసిందో సాయంత్రానికి తెలిసిపోతుంది. వాడికది నచ్చింది.

"మీకేంటపాయ్ లాభం? ఆయన మీకు చుట్టమా?"

"చుట్టమా! ఆయన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు."

"మరి?"

ఆవిడ చేయి చాపి, కొక్కేల వెనక గోడని వేళ్ళ కణుపులతో కొట్టింది. డొల్లగా మోగింది.

"ప్లైవుడ్డు. అవతల నూట నాలుగో గది. ఒకే హాలుని రెండు ముక్కలు చేశారు. అగాయ్ గొంతు నలభై ఏళ్ళ పాఠాలతో సాగి సాగి గంటలా అయింది. ఆరేళ్ళ నుంచి ఆయన క్లాసులన్నీ వింటున్నా. పరీక్ష పెడితే ఫస్టు నేనే. ఏటా ఏడో వారం ఒక ముచ్చట చెప్తాడు. 'ఫలానా గనిలో పిల్లలూ, దీపాల గదిలో ఒకావిడ లెక్క తప్పింది. ఆ పుణ్యాన నలభై మంది రక్షకులు ఆరు గంటలు భూమంతా తవ్వారు. పోయాడనుకున్నవాడు ఇంట్లో నిద్రపోతున్నాడు!' అంటాడు. క్లాసంతా పకపకా నవ్వుతుంది. నేనిక్కడ కోట్ల మధ్య నిలబడి వింటాను."

యెల్దోస్ నోట్లో పెరుగుండ ఆగిపోయింది. "ఆ ఆవిడ..."

"ఇంకెవరు?"

"లెక్క తప్పారా మీరు?"

ఆ మాటకి ఆవిడ చూసిన చూపుకి వాడు స్టూలు మీద ఓ జానెడు వెనక్కి జరిగాడు.

"షిఫ్టంతా పైకొచ్చింది. ఒక కొక్కెం ఖాళీ. దీపం తిరిగి రాలేదు. వాడి బిళ్ళ నా దగ్గరే ఉంది. అంటే మనిషి కిందే ఉన్నట్టు. గంట కొట్టాను. కొట్టకపోతే నేను మనిషినా? తీరా చూస్తే ఆ మార్దాన్ గాడు గాలి బిలం నిచ్చెన పట్టుకుని దొంగదారిన పైకొచ్చి, పక్కూళ్ళో పెళ్ళికి పోయాడు. నెత్తిన దీపం తియ్యను కూడా తియ్యలేదు. వెలిగించుకునే డాన్సు చేశాడు, మైకు పట్టుకుని పాట కూడా పాడాడు! వాడు గనిలో సెక్షన్ పెద్దకి బావమరిది. అందుకని విచారణ కాగితంలో 'దీపాల గది ఉద్యోగిని లెక్క తప్పు' అని రాశారు. నాకు చేతనైన పని ఒకటే నాయనా, లెక్కపెట్టడం. అదీ చేతకాదని రాసేశారు. అగాయ్ ఆ కాగితం చదివి పాఠం చెప్తున్నాడు. ఇదే ఆయనకి ఆఖరి సెమిస్టరు. పాఠాలన్నీ ఎండాకాలం పుస్తకంగా వేస్తారుట. ఒకసారి అచ్చయ్యాక ఇంకెవడు మారుస్తాడు?"

"ఆయనకే చెప్పకపోయారా?"

"చెప్పాను. మూడేళ్ళ కిందట, ఆయన కోటు అందిస్తూ. ఆయన కిటికీలోంచి బస్సు చూసుకుంటూ 'సరే అపాయ్, సరే సరే' అని టోపీ పెట్టుకున్నాడు. కోట్ల దగ్గర చెప్పిన మాట కోటుతోనే పోతుంది. క్లాసులో అందరి ముందూ అడిగితే తప్పించుకోలేడు, కాగితాలు తిరగేసి చూసి తీరాలి. క్లాసంటూ ఉండాలిగా మరి!"

అని, ఆవిడ వాడి చేతిలోంచి కాగితం లాక్కుని ఎనిమిదో గడిలో బరబరా సంతకం గీకేసింది.

"అదేంటి? బిళ్ళో?"

"పోతే పోయింది. కుట్టుకి బదులు పేరడిగాను, అది బేరం. ఏడుపుకి బదులు పేరడగను, అది ముష్టి. కథ చెప్పి జాలిపెట్టి లాగిందని రేపు నువ్వనకూడదు. లే, దారిలో కూర్చున్నావు."

యెల్దోస్ ఎనిమిది సంతకాల కాగితంతో బయటి మెట్ల మీద నిలబడ్డాడు. చలికి కనురెప్పలు అంటుకుంటున్నాయి. మూడు రోజులుగా ఈ కాగితం నిండితే ఎగిరి గంతేద్దామనుకున్నవాడికి ఇప్పుడు ఒళ్ళు మండింది. వెనక నుంచి తరుముతుంటే పారిపోవడంలో మజా ఉంటుంది. తలుపు బార్లా తీసి పట్టుకుంటే ఏం మజా? అయిదూ ఇరవై. తిట్టుకుంటూ ఫోను తీసి పోర్టల్ తెరిచాడు. తెరమీద తిరుగుతూ తిరుగుతూ ఉన్న చక్రం కాస్తా ఆగిపోయింది. చలికి ఫోను చచ్చిపోయింది. దాన్ని చొక్కాలో, పొట్టకానించి వేడి చేసుకుంటూ మెట్లెక్కి రిజిస్ట్రారు ఆఫీసుకి పరిగెత్తాడు.

తోగ్జాన్ కాగితం చూసింది, వాణ్ణి చూసింది. "నువ్వు మానేస్తున్నావు కదా! ఎనిమిది సంతకాలతో వచ్చి కొత్త సబ్జెక్టు అడిగినవాణ్ణి నిన్నే చూడటం."

"కాగితం మీద తారీఖు వెయ్యలేదుగా. దాచుకుంటాను. ఎప్పటికైనా పనికొస్తుంది. ముందు పేరు ఎక్కించు."

"ఎక్కదు. నీకు ముప్ఫై క్రెడిట్లూ నిండిపోయాయి. అడ్వైజరు నీ తరఫున అన్నీ నింపేసింది. ఒకటి తీస్తేనే ఇంకోటి పడుతుంది."

"ఏవేవి నింపింది?"

"వ్యాపార మర్యాదలు..."

"అది తీసెయ్."

"అడ్వైజరు ఒప్పుకోవాలి. ఆవిడ ఇంటికెళ్ళిపోయింది."

"ఫోన్ చెయ్యి చెల్లీ!"

"చెల్లా? నీకన్నా నాలుగేళ్ళు పెద్దదాన్ని."

"అయితే అక్కా! కాళ్ళు పట్టుకోమంటావా?"

తోగ్జాన్ ఫోన్ చేసింది. అడ్వైజరు పిండి కలుపుతోందిట. చేతులు కడుక్కుని, కళ్ళజోడు వెతుక్కుని, పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారికి లోపలికెళ్ళింది. గోడ గడియారంలో అయిదూ యాభై ఆరుకి తెరమీద పద్నాలుగు కాస్తా పదిహేను అయింది. తోగ్జాన్ కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య, ఇక నా వేలు భద్రం," అంది.

వాడు కిందికి దిగేసరికి ఇళ్ళకెళ్ళేవాళ్ళ వరస సాగి ఉంది. ఉల్బోసిన్ బిళ్ళలు తీసుకుంటూ కోట్లు విసురుతోంది. తలెత్తకుండానే "పడిందా?" అని అడిగింది.

"పడింది. మీకెలా తెలుసు?"

"ఉత్తినే మెట్లెక్కేవాడు అలా రెండేసి మెట్లెక్కడు."

చివరి కోటు వెళ్ళిపోయేదాకా వాణ్ణి పక్కన నిలబెట్టింది. సంతోషం ఎక్కడా కనపడనివ్వలేదు. తర్వాత కౌంటరు మీద మోచేతులాన్చి, అటూ ఇటూ చూసి, వాడి చెవి దగ్గరకొచ్చింది.

"సోమవారం పొమ్మన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఏడో వారం దాకా ఉండు. మంగళవారం, రెండో గంట. ముందు బెంచీలో కూర్చో. ఆయన ఆ ముచ్చట మొదలెట్టి, పిల్లలు నవ్వడానికి నోరు తెరిచే లోపలే చెయ్యెత్తు. 'అగాయ్, ఆ రోజు దీపాల గదిలో ఒక దీపం తగ్గిందా లేదా? తగ్గిన దీపం ఏ పెళ్ళిలో డాన్సు చేసింది?' అని అడుగు. నా పేరెత్తకు. మెత్తగా గొణక్కు. గోడకి ఇవతల దాకా వినపడేలా అడుగు."