ఏసీ నీళ్ళ పెరడు

మొన్న మేముండే ఐన్ ఖాలిద్ పేటలో నాలుగు చినుకులు పడ్డాయో లేదో, పిల్లల్ని తీసుకువెళ్ళమని మా మనవరాలి నర్సరీ నుంచి కబురు వచ్చింది. అల్లుడితో కలిసి వెళ్ళి చూద్దును కదా, ఆట స్థలమంతా గాజు తలుపుల వెనక, ఏసీ చల్లదనంలో, ప్లాస్టిక్ పచ్చిక మీద ముచ్చటగా అమర్చి ఉంది. ఒకప్పుడు నాలాగే ఈ ఎడారి దేశానికి కొత్త కాపురానికి వచ్చినవారికి చెబితే అర్థమవుతుంది, నాకెందుకో గుండె కలుక్కుమంది.

ఆ రోజుల్లో నేను అబూ హమూర్‌లో, ఒక విల్లాలో నడిచే చిన్న నర్సరీలో టీచర్‌ని. వెనక కాస్త పెరడు ఉండేది. పెరడంటే రాళ్ళు కలిసిన గట్టి నేల, గోదావరి ఒండ్రు చూసిన కళ్ళకు అది మట్టిలాగే ఆనేది కాదు. మొక్కలకు కుళాయి నీళ్ళు వాడటానికి మా యజమానమ్మ ఒప్పుకోదు కనుక, గోడకున్న ఏసీల నుంచి కారే నీళ్ళు బకెట్లలో పట్టి, పిల్లల చేత మెంతులు చల్లించి, ఆ నీళ్ళే పోయించేదాన్ని. గదిలో ఎంత చెప్పినా కుదురుగా ఉండని పిల్లలు, చుక్కా చుక్కా పడే బకెట్ చుట్టూ గొంతుకూర్చుని అది నిండేదాకా కదిలేవారు కాదు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఆరో అంతస్తు ఫ్లాటు నుంచి వచ్చే గుంటూరు వాళ్ళ పాప అయితే, పొద్దున్నే సంచీ నా చేతికిచ్చి నేరుగా బకెట్ దగ్గరికే పరుగెత్తేది.

ఆ పాప వాళ్ళమ్మే ఒకరోజు బురద మేజోళ్ళు పట్టుకొచ్చి ఫిర్యాదు చేసింది. ఆవిడను తప్పు పట్టను, ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చి ఆ మరకలతో కుస్తీ పట్టాల్సింది ఆవిడే కదా. హైదరాబాదు నుంచి వచ్చిన మా యజమానమ్మ మాత్రం అదే అదనుగా తేల్చి చెప్పేసింది.

"ఇగ మట్టి గిట్టి మాఫీ, ఏం లేదు. వచ్చే వారం టైల్స్ వేయిస్త. యల్లా, నడువు, పిల్లలను లోపలనే ఆడించు."

ఎంత బతిమాలినా వినలేదు. మెంతులు అప్పుడే రెండాకులు వేశాయి, వాటి సంగతి పిల్లలకు ఏమని చెప్పాలో తెలియక నాకు అన్నం సహించలేదు.

టైల్స్ పని ఇంకా మొదలుకాకముందే, ఒక ఉదయం వాన పట్టుకుంది. ఇక్కడ వానంటే ఏడాదికి ఏ రెండు మూడు సార్లో కురిస్తే కురిసినట్టు. యజమానమ్మ తలుపులు వేయమని కేకేస్తున్నా లెక్కచేయకుండా పిల్లలందరినీ పెరట్లోకి తీసుకుపోయాను, ఆ పెరటికి అవే ఆఖరి రోజులని తెలుసు గనుక. గుంటూరు వాళ్ళ పాప అరచేతులు చాపి, తల పైకెత్తి, చాలాసేపు ఆకాశంకేసి చూసింది.

"టీచర్, పైన అంత పెద్ద ఏసీ ఎవరిది?"

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నన్ను మందలించడానికి గుమ్మంలోకి వచ్చిన యజమానమ్మ చెప్పులు విడిచి మాతోపాటు తడుస్తూ నిలబడింది. అయినా టైల్స్ ఆగలేదు. మెంతి మడి వాటి కిందే పోయింది.

మొన్న కారులో మా మనవరాలు అద్దం మీది చినుకులు చూసి, "నాన్నా, వైపర్ వేయి" అంది, మా అల్లుడు వేశాడు. ఇప్పటి నర్సరీలు శుభ్రంగా ఉన్నాయి, పిల్లలు క్షేమంగా ఉన్నారు, కాదనను. ఏసీ నీళ్ళు కూడా గోడల్లోని గొట్టాల్లోంచి ఎటు పోతున్నాయో ఎవరికీ కనపడవు. కానీ పైన ఉన్నది ఎవరి ఏసీ అని అడగాలన్నా, ముందు ఒక్క చినుకైనా నెత్తిన పడాలి కదా! ఇల్లు చేరగానే ఎవరేమన్నా సరే మనవరాల్ని వాకిట్లో నిలబెట్టి తడవనివ్వాలని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. మేము కారు దిగేసరికి వాన వెలిసిపోయింది.