ఆపాకు బండి నడపడం వచ్చా?

శుక్రవారం పొద్దున దోహాలో, ఉమ్ ఘువైలినాలోని మా బిల్డింగ్ కింది కిరాణా కొట్టులో ఉండగా ఐర్లండ్‌లోని గాల్వే నుంచి ఫోను వచ్చింది. అవతల ఆపా కూతురు. అక్కడి ఆసుపత్రిలో నర్సు. "అక్కా, అమ్మీ పోయింది. ఫజర్ నమాజుకు లేస్తలేదేందని చూసిన," అంది. నర్సు కాబట్టి కావచ్చు, తక్కిన వివరాలు తనే వరసగా చెప్పింది. నిద్రలోనే గుండె ఆగింది. ఇబ్బంది పడిన గుర్తులు లేవు. జనాజా నమాజు, ఖననం మరుసటి రోజు. అడగడానికి నాకు ఏ ప్రశ్నా మిగల్లేదు.

మేమంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆమె దోహాలో ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పిన టీచరు. సొంతూరు బోధన్. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళం కొందరం ఒక వాట్సాప్ గ్రూపుగా ఉన్నాం. నర్సులు, స్కూలు టీచర్లు, ఇల్లు చూసుకునేవాళ్ళు, విలేకరిని నేనొకదాన్ని. కబురు పెట్టగానే సంతాపాలు వచ్చాయి. వాటి మధ్య అల్ వుకైర్‌లో ఉండే ఒకావిడ ఇలా రాసింది: "ఇప్పుడు అడగకూడదేమో. ఆపాకు నిజంగా బండి నడపడం వచ్చా? మనలో ఎవరైనా చూశారా?"

ఎవరికీ కోపం రాలేదు. ఆ సందేహం మా అందరికీ ఉండేది. దోహాలో స్టీరింగ్ ఎడమవైపు. నేర్పేవాళ్ళు కుడివైపు కూర్చుంటారు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఆపాను ఆ కుడి సీటులో తప్ప ఇంకెక్కడా చూసినవాళ్ళు లేరు. స్కూలుకు కంపెనీ బస్సులో వచ్చేది, కంపెనీ బస్సులో వెళ్ళేది. సొంత కారు లేదు. లైసెన్సు ఉంది, లేకపోతే ఉద్యోగమే రాదు. కానీ నడపగా చూసిన మనిషి లేదు.

నేను చూశాను. అందుకని ఆ ప్రశ్నకు జవాబు నేనే రాయాలి.

నేను ఆమె దగ్గర చేరేనాటికి నాకు నలభై దగ్గర పడ్డాయి. మొదటి రోజు అల్ వుకైర్ వైపు ఖాళీ రోడ్డు మీద వెళుతుంటే వెనక ఒక పెద్ద బండి ఆగకుండా లైట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆపా వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"వానికి తొందరున్నది. నీకున్నదా బేటా?"

"లేదు ఆపా."

"మరి సైడియ్యి. యల్లా, పోనీ వాన్ని. వాని తొందర మనం మీదేస్కునుడు ఎందుకు?"

ఆమె మాటలు ఇలా ఉండేవి. నేను ఎదురుగా ఉన్న అద్దంలోకి మరీ ఎక్కువసేపు చూస్తే, "అది నీ మొఖం చూస్కునెతందుకు గాదు, ఎనకటోని మొఖం చూసెతందుకు," అనేది. రౌండెబౌట్ దగ్గర ఒకసారి నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. బ్రేకు ఆమె వేసింది. అరవలేదు. "భయపడుడు తప్పు గాదు. కండ్లు మూస్కునుడు తప్పు. కండ్లు తెర్సి భయపడు," అంది. నేను ఇప్పటికీ రోడ్డు మీద చేసేది అదే.

ఒకరోజు నేరుగా అడిగాను. "మీరు నడపగా నేనెప్పుడూ చూడలేదే ఆపా?"

"పేపరోల్ల పిల్లవు, నీకు అన్నీ గావాలె. సామ్నే దేఖో. ఒంటె అడ్డమొస్తె దాన్ని గూడ ఇంటర్వ్యూ జేస్తవా?"

నాకు లైసెన్సు వచ్చిన కొన్నేళ్ళకు, వయసు రీత్యా ఆమె కాంట్రాక్టు ఇక పొడిగించబోమని కంపెనీ చెప్పింది. అప్పటికి భర్త పోయి చాలా కాలమైంది. కూతురు అమ్మమ్మ దగ్గర పెరిగి, హైదరాబాద్‌లో నర్సింగ్ చదివి, గాల్వేలో స్థిరపడింది. వచ్చి తన దగ్గరే ఉండమని రోజూ ఫోను. ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఆపా ఇంకో ఇద్దరితో కలిసి ఉండే ఫ్లాటుకు నేను వెళ్ళినప్పుడు చాయ్ పోస్తూ సంగతి చెప్పింది.

"బిడ్డ ఇల్లు ఊరి బయట ఉన్నదంట. బస్సు ఎప్పుడో ఒకటి. బండి లేకుంటె ఇంట్లనే. పొద్దంత కిటికీల కెల్లి వాన చూస్కుంట కూసునుడు నాతోని గాదు. నేను ఆడ నడపగల్గితె పోత. లేకుంటె బోధన్ల తమ్ముని ఇంటికి పోత, అంతే."

"కూతురితో చెప్పారా?"

"చెప్పిన. వచ్చి నడిపి చూడమన్నది. కారు మాట్లాడింది, సముద్రం పొంటి దారి చెప్పింది, నడుమ ఒక రాత్రి ఏదో కోటల రూము గూడ బుక్ జేసింది, పిచ్చిది. తనకు డ్యూటీలు, సుట్టీ లేదు. నువ్వొస్తవా? పక్కన కూసో."

ఐర్లండ్ చూడాలని నాకు ప్రత్యేకంగా ఏమీ లేదు. ఆపా నడపడం చూడాలని మాత్రం ఉంది. సెలవు పెట్టాను.

అక్కడ బండ్లు రోడ్డుకు ఎడమవైపు వెళతాయి, స్టీరింగ్ కుడివైపు. విమానాశ్రయంలో మాకిచ్చిన అద్దె కారు తలుపు తెరిచి ఆపా గట్టిగా నవ్వింది. "అరే, ఇది నా సీటే! స్టీరింగే నా దిక్కు నడిసొచ్చింది." ఇన్నేళ్ళూ కూర్చున్న వైపే కూర్చుంది. సగం కష్టం తీరిపోయిందనుకున్నాను. నా అంచనా తప్పు.

గాల్వేకు వెళ్ళే క్లేర్ తీరం రోడ్డు చాలాచోట్ల ఒకటిన్నర కారు వెడల్పు ఉంటుంది. రెండువైపులా సున్నం, మట్టి ఏమీ లేకుండా పేర్చిన రాతి గోడలు. గోడల మీదుగా ఎర్రటి పూలు వేలాడే పొదలు. అవతల బూడిదరంగు సముద్రం. వీపు మీద నీలం రంగు వేసిన గొర్రెలు రోడ్డు పక్కన మేస్తుంటే, రంగెందుకని ఆపా అడిగింది. ఎవరి మంద వాళ్ళకు తెలియడానికని చెప్పాను. "గట్లనా. మా దిక్కు గూడ కొమ్ములకు ఏస్తరు," అని తల ఊపింది.

అయితే ఈ మాటలన్నీ ఆగి ఆగి వెళుతూ అనుకున్నవి. ఆపా మలుపు కనిపిస్తే బ్రేకు వేసేది. గొర్రె కనిపిస్తే బ్రేకు. ఎదురుగా సైకిలు వస్తే బ్రేకు. రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటే ముందు ఏముందోనని బ్రేకు. వెనక బండ్లు బారు తీరాయి.

"ఒక్కడు గూడ హారన్ గొడ్తలేడేంది? కోపానికొచ్చిండ్రా, మర్యాదనా?"

"మర్యాదే అనుకుంటాను ఆపా. పక్కకు తీయండి."

పక్కకు తీసింది. దాటిపోయిన ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీది నుంచి ఒక వేలు ఎత్తాడు. ఆపా నావైపు తిరిగింది. "వేలు చూపెడ్తుండ్రు! దోహాల ఐతే కేసు." అది అక్కడి పల్లెల్లో పలకరింపు అని మధ్యాహ్నం పెట్రోలు బంకులో అడిగి తెలుసుకున్నాం.

ఆ లోపలే ఆమె కొండ మీద ఒక మలుపు దగ్గర బండి ఆపి, దిగి, తాళాలు నా చేతిలో పెట్టింది. గాలికి దుపట్టా నిలవడం లేదు.

"నువ్వు నడుపు బిడ్డా."

"ఏమైంది?"

"నా కాలుకు ఒక్క బ్రేకే తెలుసు. ఇరవై ఏండ్లకెల్లి నా కాలు కింద ఇంకోటి లేకుండె. ఎక్సలేటర్ మీద పెడ్తనే అదే వచ్చి బ్రేకు మీద కూసుంటున్నది."

అప్పుడు అడిగాను, దోహాలో ఎందుకు నడపలేదని. జవాబులో దాపరికమేమీ లేదు. "లైసెన్సు రాంగనే కొలువు దొరికింది. బండి కొనాలంటె ఫులూస్ మాఫీ, చేతిల పైసల్లెవ్వు. అన్ని బిడ్డ సదువుకే. కంపెనీ బస్సు ఉండె. ఇగ పొయ్యేది ఏడికి? రూము, స్కూలు, రూము. మీరందరు ఎనక ఏమనుకున్నరో నాకు ఎరుకనే." దుపట్టా తలకు చుట్టుకుంటూ, "అబద్ధమైతే గాదు గద," అంది.

నేను నడిపాను. ఆమె ఎడమవైపు కూర్చుంది. అక్కడ కాలి కింద ఏమీ లేదు. అయినా ప్రతి మలుపులోనూ ఆమె కుడికాలు కింది మ్యాట్‌ను తొక్కడం నాకు వినిపిస్తూనే ఉంది.

కోట సముద్రానికి కాస్త లోపలగా ఉంది. పెద్ద గేటు నుంచి మెట్ల దాకా చెట్ల నడుమ తిన్నటి దారి, మధ్యలో ఒక్క వంపు. గోడలు మనిషి చేయి చాచినంత మందం. రిసెప్షన్‌లో అరచేతంత ఇనుప తాళంచెవి ఇచ్చారు. ఆపా గోడ మీద చేయి పెట్టి చూసింది.

"ఇది మా గడీ లెక్కనే ఉన్నది. మా అబ్బాజాన్ చిన్నప్పుడు దొర గడీ ముందల కెల్లి చెప్పులు చేతవట్టుకొని నడుస్తుండెనంట. నేను గీడ చెప్పులేస్కొని లోపటికే వచ్చిన." రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని అడగమని నన్ను పోరింది: ఇక్కడ పనివాళ్ళు ఎక్కడ పడుకునేవాళ్ళు? ఆ అమ్మాయి నేలమాళిగ మెట్లు చూపించింది. ఆపా దిగి చూసి వచ్చింది. "చలి. పొయ్యి లేదు," అని మాత్రం చెప్పింది.

గదిలో నమాజుకు ఫోనులో దిక్కు చూసుకుని ఆశ్చర్యపోయింది. బోధన్‌లోనూ దోహాలోనూ కిబ్లా పడమటి వైపే. ఇక్కడ మక్కా ఆగ్నేయంలో ఉంది. "ఇన్నేండ్లకు తూర్పుకు తిరిగి మొక్కుతున్న," అంది. జానిమాజ్ చాపను మూడుసార్లు సర్దుకుంది.

సాయంత్రం కూతురికి ఫోను చేసింది. నేను అక్కడే ఉన్నాను.

"నాతోని గాదు బేటీ. రోడ్డు మంచిగనే ఉన్నది, కాలే మంచిగ లేదు. నక్కో, జబర్దస్తీ చెయ్యకు. బోధన్‌కే టికెట్ చేస్త." అవతల ఏం అన్నదో వినిపించలేదు. ఆపా చాలాసేపు "హౌ, హౌ," అంటూ వింది. ఫోను పెట్టేశాక, "ఏడుస్తున్నది," అంది.

మర్నాడు నేను లేచేసరికి ఆమె మంచం ఖాళీ. తాళాలు లేవు. కిటికీ దగ్గరికి వెళ్ళాను. చెట్ల దారిలో మా కారు గేటు వైపు వెళుతోంది. వెనక ఎర్ర దీపాలు వెలిగి, ఆరి, వెలిగి, ఆరి. గేటు దగ్గర తిరిగి వచ్చింది. మెట్ల ముందు తిరిగి మళ్ళీ బయలుదేరింది. తోటపని చేసే ఒకాయన చక్రాల బండి పట్టుకుని గడ్డి మీద నిలబడి చూస్తున్నాడు. నేను దిగి వెళ్ళలేదు. పై నుంచి అయితే బ్రేకు దీపాలు కనిపిస్తాయి. ఆమె ఎలా నడుపుతున్నదో నాకు అవే చెబుతున్నాయి.

చాలాసార్లు తిరిగింది. మొదట దారంతా ఎరుపే. తర్వాత వంపు దగ్గర, గేటు దగ్గర మాత్రం. ఆఖరికి ఒకసారి కారు మెట్ల దగ్గర బయలుదేరి, వంపు దాటి, గేటు దాకా వెళ్ళింది. ఆగేటప్పుడు తప్ప దీపాలు వెలగలేదు. తోటమాలి టోపీ తీసి ఊపాడు. నాకు తెలియకుండానే నేను కిటికీ రాయి మీద చేత్తో చరిచాను.

నాష్తా దగ్గర ఆపా గుడ్లు, రొట్టె, పుట్టగొడుగులు తింది. ఓట్స్ గిన్నె చూసి, "మన జావనే, ఉప్పు మర్సిండ్రు," అంది. ఏం చేశారని అడిగాను.

"ఏం లేదు. నా పక్కన నేనే కూసున్న. ఒసేయ్ ముసల్దానా, కాలు తియ్యి, నీకు తొందర లేదు గని రోడ్డున్నది, పో, అని గట్టిగ తిట్టిన. మీకైతే గింత తిట్టలే."

ఆ రోజు గాల్వే దాకా ఆమే నడిపింది. నేను ఎడమవైపు కూర్చుని, రాతి గోడ దగ్గరైనప్పుడల్లా చెబుతూ వచ్చాను. ఒకచోట సన్నటి దారిలో పాల ట్యాంకరు ఎదురైంది. వెనక్కి తీసి గోడ పక్కన కాస్త వెడల్పున్న చోటికి చేర్చింది. ట్యాంకరు డ్రైవరు వేలు ఎత్తాడు. ఈసారి ఆపా కూడా ఎత్తింది. కూతురు ఇంటి ముందు రివర్సులో పెట్టి, బండి ఆపి, దిగకుండా కూర్చుంది. కూతురు తలుపు దగ్గర నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "ఏం చూస్తున్నవ్? వచ్చిన. అన్నమైందా?" అంది ఆపా.

కొన్ని నెలల తర్వాత ఆమె గాల్వేకు మారింది. అక్కడ స్థిరపడేవాళ్ళకు ఖతార్ లైసెన్సు మార్చి ఇవ్వరు, మొదటి నుంచీ నేర్చుకోవలసిందే. దోహాలో అంతమందికి నేర్పిన మనిషి కారుకు ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకుంది. "పాతికేండ్ల పోరడు నాకు నేర్పుతుండు. బ్రేకు జర తక్కువ తొక్కమంటడు. వాని బ్రేకు వానికి ఉన్నది, నేనెందుకు తొక్కాలె అని నేను గూడ అనుకుంటున్న," అని ఫోనులో నవ్వేది. మొదటి పరీక్ష తప్పింది. మరీ నెమ్మదిగా వెళ్ళడం అక్కడ తప్పు కిందే లెక్క. రెండోసారి పాసయింది. ఆ తర్వాత ఫోను చేసినప్పుడల్లా ముందుగా చెప్పేది ఎక్కడ ఉన్నదో: సముద్రం ఒడ్డున, కూరగాయల సంతలో, డ్యూటీ దిగిన కూతురి కోసం ఆసుపత్రి బయట.

గ్రూపులో ఇంత రాయలేదు. "వచ్చు. నేను పక్కన కూర్చున్నాను," అని మాత్రం పెట్టాను.

జనాజా అయిన మర్నాడు కూతురు మళ్ళీ ఫోను చేసింది. జనాజా రోజు ఇంటికి వచ్చేవాళ్ళ బండ్లకు చోటు కావాలని, ముందున్న ఆపా కారులోనే మసీదుకు బయలుదేరిందట. ఆపా పొట్టి మనిషి. సీటు చివరిదాకా ముందుకు జరిపి, కింద దిండు వేసి ఉంది. కూతురు తండ్రి పోలిక, పొడగరి. మోకాళ్ళు స్టీరింగ్‌కు తగిలాయి.

"కింద చెయ్యి పెడితే వెనక్కి జరుగుతది అక్కా. పెట్టిన గూడ. జరపబుద్ధి కాలే."

అలాగే మోకాళ్ళు ముడుచుకుని, దిండు మీద వంగి కూర్చుని, మసీదు దాకా నడిపిందట.