ఎదురెదురు క్యాబిన్లు

ఈ మధ్యాహ్నం అరగంట ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాను. అలసట ఇంకా తీరలేదు. నన్ను కాన్వెంటులో చదివించింది ఇందుకేనంటారు నాన్న.

తమిళనాడు కొండల్లో ఒక రిసార్టు వాళ్ళు తమ వినోద పార్కులో రోప్‌వే కడుతున్నారు. ప్రారంభం రోజు అతిథులకు పంచడానికి మమ్మల్ని తువ్వాళ్ళు అడిగారు. వాటి మీద తీగకు వేలాడే క్యాబిన్లు, కిటికీల్లోంచి ముందుకు చూసే మనుషులు ఉండాలి. సోలాపూర్‌లో మా ఇంట్లో ఉన్న రెండు మగ్గాలూ పదిహేను రోజులుగా ఖాళీ. నాన్న ఆశంతా ఈ ఆర్డరు మీదే.

అలవాటు కొద్దీ ఆయన సగం బొమ్మే గీసి, మిగతా సగానికి దాన్నే తిప్పి వేశారు. మా ఊరి చాదర్ల మీద, అంటే దుప్పట్ల మీద, నెమళ్ళు ఎదురెదురుగా నిలబడేది అలాగే. నమూనా అందుకున్న రోప్‌వే ఇంజినీరు ఫోన్ చేశాడు. ఆయనకు హిందీ రాదు, నాన్నకు ఇంగ్లీషు రాదు.

ఒకే తీగ మీద క్యాబిన్లు ఎదురెదురుగా వస్తే గుద్దుకుంటాయని, ఈ బొమ్మ చూస్తే ఎవరూ ఎక్కరని ఆయన అన్నాడు. నాన్నకు చెప్పాను.

"నలబై ఏండ్ల సంది నెమళ్ళు నేస్తున్న. ఒక్కటన్న గుద్దుకున్నదా? తువ్వాల మీద యాక్సిడెంట్ అయితదా? అడుగు ఆయన్ని!"

"సరిచేసి సోమవారం పంపుతాం సార్" అన్నాను ఇంజినీరుతో. ఆయన సరేనన్నాడు.

"నేను గంత మాట్లాడితే ఇంగ్లీషుల గింతే అయ్యిందా, బిడ్డా?"

"గింతే అయితది, నాయినా."

ఆయన నమ్మలేదు. కానీ ఇప్పుడు కూర్చుని బొమ్మ మొత్తం మళ్ళీ గీస్తున్నారు. మీ ఇంట్లో కోపాన్ని మర్యాదగా అనువదించే పని ఎవరిది? చెప్పండి, నాకు కాస్త తోడు దొరుకుతుంది.